రాగిపలక రంధ్రములకు లోపూత

నిరుడు మా పాఠశాల పదవ తరగతి బాలురు కొందఱు విజ్ఞానప్రదర్శనమునకై, బెల్లపు పెనములోని పాకపు వేడిమిని అంకెలలో చూపు చిన్న యంత్రము నొకదానిని నిర్మించిరి. అనకాపల్లి బాలురకు బెల్లముకన్న సహజమైన విషయ మేముండును? తరగతిలో చక్కగా పనిచేసిన యా యంత్రము పరీక్షకుల యెదుట మూగవోయినది. తప్పు లెక్కలలో లేదు. పలకకు ఇరువైపుల నున్న రాగిదారులను కలుపుటకై రంధ్రములలో దూర్చి మాటువేసిన సన్నని తీగలలో నొకటి వదులయ్యెను. ఆ బాలుర ముఖములు చూడలేకపోతిమి. అట్టి తీగలతో పనిలేకుండ రంధ్రపు గోడకే రాగిపూత వేయు విధానమును ఈ యేడు ప్రయోగశాలలో నేర్చుకొంటిమి. "మా పిల్లలచేత ఆమ్లములతో ఏమి చేయించుచున్నారు?" అని తల్లిదండ్రులలో కొంద ఱడిగియుండుటచే, జరిగినది దాచక వ్రాయుచున్నాము.

రేడియోను గాని, చేతిఫోనును గాని విప్పి చూచిన, తీగలకు మాఱు ఒక పలకపై అంటియున్న రాగిగీతలు కనబడును. వియన్నాలో జన్మించి ఇంగ్లండు చేరిన పాల్ ఐస్లరు అను ఇంజనీరు ఇట్టి ముద్రిత ఫలకములకు 1943లో పేటెంటు కోరెను. గాజునారను ఎపాక్సి జిగురుతో బిగించి చేసిన 1.6 మిల్లీమీటర్ల పలకకు, సాధారణముగా 35 మైక్రానుల మందముగల రాగిరేకు అంటించబడి యుండును. అనగా తలవెండ్రుకలో ఇంచుమించు సగము. అక్కఱలేని రాగిని ఫెర్రిక్ క్లోరైడులో కరగించిన, కావలసిన దారులు మిగులును. దారులు ఒకదానినొకటి దాటవలసి వచ్చినప్పుడు మాత్రము రెండవ ముఖము కావలయును. రెంటిని కలుపుటకు రంధ్రమును కావలయును.

చిక్కు ఇచ్చటనే యున్నది. మచిలీపట్టణము చెంతనున్న చిలకలపూడిలో నగలకు బంగారుపూత వేయుదురని మీరెఱుగుదురు. ఆ నగ స్వయముగా లోహము గనుక విద్యుత్తు దానిని సులభముగ చేరును. (కళాయివాని పని వేఱు, అది నిప్పుతో కరగించిన తగరముతో చేయునది, దానికి విద్యుత్తుతో నిమిత్తము లేదు.) మన రంధ్రపు గోడయో, గాజును జిగురును. విద్యుత్తు పాఱని గోడకు విద్యుత్తుతో పూత యెట్లు?

కర్మాగారములలో పల్లాడియము, తగరము కలిసిన సూక్ష్మకణములను గోడకు అంటించి, విద్యుత్తు లేకయే రాగిని దింపు స్నానములో ముంతురు. ఒక విద్యార్థి దానినే చేయుదమని పట్టుబట్టెను గాని, అందు ఫార్మల్డిహైడు వాడుదురు. దాని ఆవిరి క్యాన్సరుకు కారణమగునది గనుక మేము ఒప్పుకొనలేదు. పరిశ్రమలోనే వాడుకలో నున్న మఱియొక త్రోవ గలదు: బొగ్గు. మెత్తని గ్రాఫైటు పొడిని నీటిలో కొంచెము బంకతో కలిపి, రంధ్రములు తొలిచి శుభ్రపఱచిన పలకను ముంచి, రంధ్రములలో నిలిచిన చుక్కలను గాలితో పీల్చివేసి ఆరబెట్టితిమి. పిమ్మట పలక ముఖములను సన్నని ఉప్పుకాగితముతో రుద్ది, గోడలపై తప్ప నల్లదనము మిగులకుండ చేసితిమి. ఈ రుద్దుటయం దశ్రద్ధ కూడదు. రంధ్రపు అంచున పాత రాగికిని క్రొత్త రాగికిని నడుమ మసి యున్నచో అతుకు నిలువదు.

పూత పని దారులు కరగించుటకు ముందే జరుగవలెను. ఏలయనగా అప్పుడు రాగి యంతయు ఏకఖండమై యుండి ప్రతి రంధ్రమునకు విద్యుత్తు నందించును; తరువాత నైన దారులు విడిపోవును. పూత ముగిసిన పిదప రంధ్రపు నోళ్లను రక్షకపొరతో కప్పి మఱి కరగింపవలెను.

స్నానద్రావణము లీటరునకు సుమారు 75 గ్రాముల మయిలుతుత్తము, 200 గ్రాముల గంధకికామ్లము. ఆమ్లమును నీటిలో మెల్లగా పోయవలెను గాని నీటిని ఆమ్లములో పోయరాదు. ఈ పని కండ్లద్దములు, చేతితొడుగులు ధరించి ఉపాధ్యాయులమే చేసితిమి. బాలురు దూరమున నిలిచి చూచిరి. పలకను ఋణధ్రువమునకు కట్టి నడుమ వ్రేలాడదీసి, ఇరుప్రక్కల రాగిరేకులను ధనధ్రువమునకు కలిపితిమి.

ఇక మైకేలు ఫారడే లెక్క. కమ్మరి కుమారుడై, పుస్తకములు కుట్టు పనిలో శిష్యుడై పెరిగిన యీ భక్తుడు 1834లో ప్రకటించిన నియమము ప్రకారము, దిగు లోహము పాఱిన విద్యుత్తు ననుసరించి యుండును. ఒక ఆంపియరు ఒక గంట పాఱిన 1.186 గ్రాముల రాగి దిగును. మా పలక 10 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు. రెండు ముఖములు కలిపి 160 చదరపు సెంటీమీటర్లు. 1.6 ఆంపియర్లు రెండు గంటలు పాఱించిన 26 మైక్రానుల పూత వచ్చును. సోల్డరింగు వేడికి పలకలోని జిగురు రాగికంటె ఎక్కువగా ఉబ్బును గనుక, 20 మైక్రానులకు తక్కువైన పూత చిట్లిపోవచ్చును.

మొదటి పలకను మేమే పాడుచేసితిమి. తొందరపడి 10 ఆంపియర్లు ఇచ్చితిమి. ముఖములపై గోధుమవన్నె పొడి, అంచులయందు పొక్కులు; రంధ్రపు నడుమ నల్లని మసి అట్లే యుండెను. విద్యుత్తు దగ్గఱి దారి వెదకును. రంధ్రపు నోటివద్ద ఎక్కువగాను, లోపల తక్కువగాను రాగిని దింపును. ఆమ్లము హెచ్చుగను మయిలుతుత్తము తక్కువగను కలుపుటయు, ప్రవాహము తగ్గించుటయు, ద్రావణమును కదలించుచుండుటయు ఈ తేడాను తగ్గించుటకే. రెండవ పలకకు తొలుత అర ఆంపియరుతో మొదలిడితిమి. రాగి రెండు నోళ్లనుండియు, రెండు గట్లనుండి వంతెన కట్టుకొని వచ్చు పనివారివలె, లోనికి ప్రాకి నడుమ కలిసికొనెను. అప్పుడు పూర్తి ప్రవాహ మిచ్చితిమి. ఒక మూలను రంపముతో కోసి భూతద్దములో చూచినప్పుడు, గాజునార నడుమ రాగిగొట్టము గులాబివన్నెతో మెఱసినది.

ద్రావణమును పాఱబోయలేదు, మూతగల సీసాలో పేరు వ్రాసి తాళములో నుంచితిమి. మరల వాడవచ్చును. కడిగిన నీటియందును రాగి యుండును. ద్రాక్షతోటలపై చల్లు బోర్డో మిశ్రమములో బూజును చంపునది ఈ రాగియే, చేపలకును విషమే. కాలువనుండి శారదానదికి చేరనీయక సున్నము కలిపి, అడుగున దిగిన నీలి మడ్డిని వేఱుగా దాచితిమి. ఇంటివద్ద ఈ ప్రయోగము చేయరాదని బాలురకు గట్టిగా చెప్పితిమి.

ఇట్టి పలకలు స్వల్పవ్యయముతో కర్మాగారమునుండి తెప్పించుకొనవచ్చునే యని ఒక తండ్రి యనిరి. నిజమే. పలక మాత్రమే కావలసినచో అట్లే చేయుట మేలు.

రెండవ పలకపై నలువది రంధ్రములలో ముప్పదియెనిమిదింట విద్యుత్తు నిరాటంకముగ పాఱినది; తక్కిన రెంటికి పాతపద్ధతిని తీగ వేసితిమి. చెఱకు ఆడు కాలము రాగానే, యంత్రమును ఈసారి ప్రదర్శనశాలకు గాక ముందుగా పెనము వద్దకే కొనిపోవలెనని బాలురు నిశ్చయించుకొన్నారు.