జపాను ఇల్లాలి పద్దుల పుస్తకం

నెల మొదట్లో నిండుగా కనిపించిన జీతం ఇరవయ్యో తారీఖుకల్లా ఏమైపోతోందన్నది చాలా ఇళ్ళలో తేలని లెక్క. అది తేల్చుకోవడానికి జపాను గృహిణులు నూరేళ్ళకు పైగా ఒక పుస్తకం రాస్తున్నారు. దాని పేరు ‘కకేబో’. ఇంటి లెక్కల పుస్తకం అని అర్థం.

దీనికి ఆద్యురాలు మోతోకో హని. జపాను తొలి మహిళా పాత్రికేయుల్లో ఒకరైన ఆమె, భర్తతో కలిసి 1903లో గృహిణుల కోసం ఒక పత్రిక ప్రారంభించారు. 1904లో ఈ లెక్కల పుస్తకాన్ని అచ్చు వేయించారు.

పద్దులు మనమూ రాస్తాం కదా అనవచ్చు. రాస్తాం, ఖర్చయిపోయాక! కకేబోలో ముందు కేటాయింపు, తర్వాతే ఖర్చు.

ఉదాహరణకు నెలకు 30,000 రూపాయలు వచ్చే ఇల్లు అనుకుందాం. అద్దె, ఫీజులు, కరెంటు వంటివి 16,000. పొదుపు 3,000 ఒకటో తారీఖునే పక్కన పెట్టాలి. మిగిలిన 11,000లో వారానికి 2,500 చొప్పున నాలుగు వారాలకు 10,000, నెలాఖరు రోజులకు 1,000.

రోజువారీ ఖర్చును నాలుగు గళ్ళలో రాయాలి. బియ్యం, కూరలు, మందులు ‘అవసరాలు’. హోటలు భోజనం, కొత్త చీర ‘కోరికలు’. పుస్తకాలు, సంగీతం ‘సంస్కృతి’. మరమ్మతులు, హఠాత్తుగా వచ్చిపడేవి ‘అనుకోనివి’. నెలాఖరున నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: వచ్చిందెంత? దాచాలనుకున్నదెంత? ఖర్చయిందెంత? వచ్చే నెల ఏం మార్చుకోవాలి?

ఫోనుతో క్షణంలో డబ్బు చెల్లించే ఈ రోజుల్లో చేత్తో రాయడం చాదస్తమనిపించవచ్చు. కాని రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. ఇది అవసరమా, కోరికా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

పోపులడబ్బాలో దాచిన డబ్బుతో గట్టెక్కిన సంసారాలు మనలో ఎన్నో. ఆ నేర్పు గొప్పదే, కాని బరువంతా ఇల్లాలి మీదే పడేది. లెక్క పుస్తకంలో ఉంటే భర్త చూస్తాడు, పిల్లలూ చూస్తారు. అడిగింది ఈ నెల ఎందుకు కొనలేదో కోప్పడకుండానే వాళ్ళకు తెలుస్తుంది. పండక్కి సొంతూరు ప్రయాణం ఏటా ఉండేదే కనుక దానికీ నెలనెలా కొంత తీసిపెట్టవచ్చు.

ఒక రూళ్ళ నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. వచ్చే ఒకటో తారీఖున మొదలుపెట్టి చూడండి.