కల్లం దగ్గర లెక్క: ఒక ఫుట్‌బాల్ జట్టు జాబితాను ఎలా చదవాలి?

సిద్దిపేట జిల్లా ములుగులో నెలకొకసారి కలుసుకుని కథలూ కవిత్వమూ చర్చించుకునే మా చిన్న బృందంలోకి ఒకసారి ఒక విద్యార్థి రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. మొదటిదాని మీద హైదరాబాద్ ఎఫ్.సి. అనే వృత్తి ఫుట్‌బాల్ జట్టు 2022-23 సీజన్ లెక్క వుంది: 20 ఆటలు, 13 గెలుపులు, 42 పాయింట్లు, ఇండియన్ సూపర్ లీగ్‌లో రెండవ స్థానం. రెండవదాని మీద అదే జట్టు మరుసటి సీజన్ లెక్క వుంది: 22 ఆటలు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పన్నెండు జట్లలో పన్నెండవ స్థానం.

"అన్నా, ఒక్క ఏడాదిలో ఇంత పెద్ద జట్టు ఆడటమే మరిచిపోయిందా?" అని అడిగాడు.

ఆ రోజు చర్చించవలసిన కథ పక్కకుపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం. సాహిత్య విద్యార్థులకు దీనితో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. విలువ కట్టటం విమర్శకుడి పని. సీజన్ ముగిశాక ఆటగాళ్లకు విలువ కట్టేవాడి పనీ అదే. దేన్ని చూసి విలువ కడుతున్నామో, దేన్ని చూడకుండానే తీర్పు చెపుతున్నామో తెలుసుకోవటానికి ఫుట్‌బాల్ మంచి పాఠం. ఎందుకంటే మన తప్పు తీర్పులు ఏళ్ల తరబడి బయటపడవు. అక్కడ మరుసటి ఏడాదికే బయటపడతాయి.

లెక్క చేసే పద్ధతి

కల్లం ఎత్తాక రైతు లెక్క చూసుకున్నట్టే, సీజన్ ముగియగానే యాజమాన్యమూ శిక్షకుడూ కూర్చుని జాబితా ముందు పెట్టుకుంటారు. ఒక్కొక్క పేరు ఎదురుగా ఒక మాట రాయాలి: వుంచుకోవాలా, పంపించాలా, అమ్మాలా? ఆ తర్వాత ఖాళీలలోకి ఎవరిని తేవాలి? ఈ మాట రాయటానికి అయిదు ప్రశ్నలు వేసుకుంటారు.

మొదటి ప్రశ్న: ఇతను చేసిన పని ఏమిటి? గోల్ కొట్టినవాడి పని అందరికీ కనిపిస్తుంది. రక్షణలో నిలబడినవాడి పని, జరగకుండా ఆగిపోయిన గోల్‌లో వుంటుంది. అది స్కోరుపలక మీద పడదు. అందుకే ఎన్ని నిమిషాలు మైదానంలో వున్నాడు, అతను వున్నప్పుడు జట్టు ఎన్ని గోల్స్ ఇచ్చుకుంది, లేనప్పుడు ఎన్ని ఇచ్చుకుంది అని కలిపి చూస్తారు.

రెండవ ప్రశ్న: జట్టు ఎవరి మీద ఆనుకుని నిలబడింది? 2021-22లో హైదరాబాద్ లీగ్ దశలోనూ ఆపైనా కొట్టిన గోల్స్‌లో నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఒగ్బెచే ఒక్కడే 18 కొట్టాడు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ అవే. దీన్ని అతని గొప్పతనంగా చదవవచ్చు. జట్టు బలహీనతగానూ చదవవచ్చు. రెండూ నిజమే. ఆ భారం మోసిన మనిషికి అప్పటికి 37 ఏళ్లు.

అక్కడి నుంచే మూడవ ప్రశ్న వస్తుంది: వయసు. నిన్నటి పనికి విలువ కడుతున్నామా, రేపటి పనికా? 37 ఏళ్లవాడిని, 20 ఏళ్లవాడిని ఒకే తూకంలో వెయ్యటం కుదరదు.

నాలుగవ ప్రశ్న: ఒప్పందం ఎంత మిగిలివుంది? ఒప్పందం ముగిసిన ఆటగాడు ఏ రుసుమూ లేకుండా మరో జట్టుకు పోవచ్చు. ఒప్పందం మిగిలివుంటే, అతన్ని తీసుకునే జట్టు పాత జట్టుకు బదిలీ రుసుము కట్టాలి. ఒప్పందానికి చివరి ఆరు నెలలు మాత్రమే మిగిలినప్పుడు ఆటగాడు ఇతర జట్లతో ముందుగానే ఒప్పందం చేసుకోవచ్చు.

అయిదవ ప్రశ్న: నిబంధనలు ఏం చెపుతున్నాయి? 2021-22 సీజన్ నుంచి లీగ్‌లో ఒకేసారి మైదానంలో వుండగల విదేశీయుల సంఖ్యను అయిదు నుంచి నాలుగుకు తగ్గించారు. దానితో దేశీయ కుర్రాళ్ల విలువ ఒక్కసారిగా పెరిగింది. వాళ్ల ఆట ఆ ఒక్క రాత్రిలో మెరుగుపడిందా? లేదు. మారినది వాళ్ల అవసరం. ఒక రచయిత పుస్తకానికి హఠాత్తుగా గిరాకీ పెరిగినప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

అయిదేళ్ల కథ

ఈ ప్రశ్నలతో హైదరాబాద్ జట్టు చరిత్ర చదువుదాం. 2019లో పుణె జట్టు స్థానంలో ఈ జట్టు పుట్టింది. 2019-20 మొదటి సీజన్‌లో 18 ఆటల్లో రెండే గెలిచి, 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. శిక్షకుడు ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే, 2020 జనవరిలో, పంపేశారు.

ఆ సీజన్ తర్వాత చేసిన లెక్క మంచి లెక్క. పేరున్నవాళ్ల వెంట పడకుండా కుర్రాళ్లను నమ్మారు. ఉత్తరప్రదేశ్ నుంచి ఆకాశ్ మిశ్రా, సిక్కిం నుంచి ఆశిష్ రాయ్, గోవా నుంచి లిస్టన్ కొలాసో. స్పెయిన్ నుంచి వచ్చిన శిక్షకుడు మనోలో మార్కెజ్ వాళ్లను ధైర్యంగా ఆడించాడు. 2020-21లో జట్టు అయిదవ స్థానానికి ఎక్కింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా సమమై, పెనాల్టీలలో 3-1తో గెలిచి విజేత అయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అట్టడుగు నుంచి కిరీటం దాకా మూడు సీజన్లు పట్టింది.

ఇక్కడ ఒక చిన్న వివరం గమనించాలి. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్ల ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాద్ పేరు మీద కప్పు గెలిచిన జట్టు ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క లీగ్ ఆట కూడా ఆడలేదు. గచ్చిబౌలి స్టేడియం మెట్ల మీద కూర్చోవలసిన జనం టెలివిజన్ ముందు కూర్చున్నారు. జట్టుకూ ఊరికీ మధ్య బంధం ముదరవలసిన కాలంలో ఊరు లేకుండానే జట్టు పెరిగింది.

మరో వైపు, ఆ పెంచిన కుర్రాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2021లో లిస్టన్ కొలాసో కోల్‌కతా వెళ్లాడు. 2022లో ఆశిష్ రాయ్ అక్కడికే వెళ్లాడు. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబయి వెళ్లాడు. ఆటగాడు మైదానంలో చేసే పనికి ఒక విలువ వుంది. అతన్ని అమ్మితే వచ్చేదానికి మరొక విలువ వుంది. ఉపయోగపు విలువ, మారకపు విలువ అని మనం అర్థశాస్త్రంలో చదువుకున్న భేదమే ఇది. వృత్తి ఫుట్‌బాల్‌లో ఈ రెండూ ఒకే మనిషి శరీరంలో వుంటాయి. అయినా అది తప్పని తీర్పు చెప్పేయకూడదు. పెద్ద జట్టుకు పోయే ఆటగాడు మంచి జీతానికి పోతున్నాడు. శ్రమించేవాడికి ఆ హక్కు వుంది.

కాగితం మీద లేని గడి

ఇప్పుడు 2023 వేసవికి వద్దాం. రెండవ స్థానం, 42 పాయింట్లు. సెమీఫైనల్లో కూడా రెండు ఆటలూ గోల్స్ లేకుండా ముగిసి పెనాల్టీలలో మాత్రమే ఓడారు. అయిదు ప్రశ్నలతో ఆ జాబితాను చదివిన ఎవరైనా "గట్టి జట్టు, రెండు మూడు మార్పులు చాలు" అనే రాసేవారు. అలా రాసినవారి తెలివితక్కువతనం ఏమీ లేదు. వాళ్ల కాగితంలో ఒక గడి లేదు, అంతే.

ఆ గడి పేరు జీతం. ఆటగాడి జీతం ఎంత అని కాదు, ఆ జీతం నెలనెలా అందుతోందా అని.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం అందని ఆటగాడు, జట్టుకు పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. తేల్చిన బకాయి చెల్లించని జట్టు మీద కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడుతుంది. 2023లో హైదరాబాద్ జట్టు బకాయిల ఫిర్యాదులకూ, నిషేధానికీ గురైంది. ఈ రెండు నిబంధనలూ కలిసి పనిచేసే తీరు చూడండి. లోపలివాళ్లకు తలుపు తెరిచివుంటుంది. బయటివాళ్లకు మూసివుంటుంది. జాబితా ఒకవైపే కరుగుతుంది.

శిక్షకుడు మార్కెజ్ అప్పటికే గోవా జట్టుకు వెళ్లిపోయాడు. స్పెయిన్ ఆటగాళ్లు బోర్హా హెరేరా, హావియర్ సివెరియో కోల్‌కతాకు ఈస్ట్ బెంగాల్‌లోకి వెళ్లారు. 2024 జనవరిలో చింగ్లెన్‌సనా సింగ్ బెంగుళూరు వెళ్లాడు. మిగిలిన వాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లు. తంగ్‌బోయ్ సింగ్తో శిక్షణలో వాళ్లే సీజన్ ముగించారు. ఆ సీజన్‌లో జట్టు కొట్టినవి 10 గోల్స్, ఇచ్చుకున్నవి 43.

విద్యార్థి ప్రశ్నకు జవాబు ఇదే. ఎవరూ ఆట మరిచిపోలేదు. ఆట ఆడటానికి కావలసిన పునాది కూలింది.

మరి ఆ కుర్రాళ్లకు విలువ కట్టటం ఎలా? 22 ఆటల్లో ఒక్క గెలుపు అనే అంకెను వాళ్ల పేర్ల ఎదురుగా రాస్తే అది అంకెగా నిజం, తీర్పుగా అన్యాయం. పక్కన నిలబెట్టి ఆడించవలసిన అనుభవజ్ఞులు లేకుండా, రేపు జట్టు వుంటుందో లేదో తెలియకుండా, నెల తర్వాత నెల మైదానంలోకి దిగినవాళ్లు వాళ్లు. అలెక్స్ సాజి, మకన్ చోతే, రమ్లున్‌ఛుంగా వంటి వాళ్లకు ఆ సీజన్ ఇచ్చిన నిమిషాలు గట్టి జట్టులో దొరికేవి కావు. ఓటమి వాళ్లకు పాఠశాల అయింది. కానీ ఓటమిని పాఠశాల అని మెచ్చుకుంటూ, ఫీజు వాళ్లచేత కట్టించినవారిని మరిచిపోకూడదు.

పాత హైదరాబాద్

ఈ చోట చాలామందికి సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుకొస్తాడు. బడిపంతులుగా పనిచేసిన రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. ఆయన 1963లో చనిపోయాడు.

పోలీసు జట్టు జాబితాలో మన కాగితంలో లేని గడి నిండివుండేది. ఆటగాడికి ఉద్యోగం వుండేది. ఆట బాగున్నా లేకపోయినా ఒకటవ తారీకు జీతం వచ్చేది. ఆ నిశ్చింత మీద రహీం ఆట కట్టాడు.

అయితే పాతకాలాన్ని బంగారం చెయ్యటం విమర్శ కాదు. ఆ ఏర్పాటు ఒక శాఖ ఆదరణ మీద ఆధారపడినది. ఆదరణ వున్నంతకాలమే అది నడిచింది. ఆ రోజుల్లోనూ ఆటగాళ్లు వెళ్లిపోయారు. సికిందరాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, తర్వాత బి.ఎన్.ఆర్. రైల్వే జట్టులో చేరి, బెంగాల్‌లోనే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశాడు. కాలం మారినా ఒక సంగతి మారలేదు: మన నేల ఆటగాణ్ని కంటుంది, బతుకుతెరువు మరెక్కడో చూపిస్తుంది.

2024లో హైదరాబాద్ ఎఫ్.సి.ని కొత్త యాజమాన్యం తీసుకుంది. 2025లో జట్టును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చారు. ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఊరిని వదిలి పోవటానికి ఊరి అనుమతి అక్కరలేకపోయింది. విజేత జట్టులో కూడా తెలుగు నేల మీద పెరిగిన కుర్రాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. వేరు దిగని చెట్టును పెకలించటానికి ఎంత బలం కావాలి?

మన కాగితం

మా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం వుంది, అటవీ కళాశాల వుంది. ఎదిగిన మొక్కను కొని తెచ్చి నాటటానికీ, విత్తనం నుంచి నారు పెంచటానికీ తేడా ఏమిటో ఇక్కడి పిల్లలకు చెప్పనక్కరలేదు. కొన్న మొక్క తొందరగా పూస్తుంది. నారుమడి వున్నవాడికి ఒక పంట పోయినా మరో పంట వుంటుంది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టు దాకా, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. అంటే నేలలో సారం లేక కాదు.

కనుక సీజన్ తర్వాతి జాబితాలో ఆ అయిదు ప్రశ్నల కింద మరో మూడు రాసుకోవాలి. జీతం సక్రమంగా అందుతోందా? ఈ జట్టు వెనక నారుమడి వుందా? జట్టు ఎవరిది, దాన్ని ఎవరు తరలించగలరు? ఈ మూడింటికీ జవాబు లేని జాబితా ఎంత మెరిసినా అది ఒక్క ఏటి పంట.

ఇక సాహిత్యం మాట. ఏడాది చివర మనమూ జాబితాలు వేస్తాం: ఉత్తమ కథలు, వర్ధమాన కవులు, ఈ ఏటి నవల. ఎవరు బాగా రాశారో చెపుతాం. రాయకుండా ఆగిపోయినవాడు ఎందుకు ఆగిపోయాడో అడగం. ఏ ఉద్యోగం పోయింది, ఏ పత్రిక మూతపడింది, ఏ ఊరి గ్రంథాలయానికి తాళం పడింది అని చూడం. నిరుడు రెండు మంచి కథలు రాసి ఈ ఏడు ఒక్కటీ రాయని కుర్రవాడిని "సరుకు అయిపోయింది" అనేస్తాం. అది 8 పాయింట్లు చూసి ఆటగాళ్లు ఆట మరిచిపోయారనుకోవటం వంటిదే.

ఆ విద్యార్థి మరుసటి నెల మళ్లీ వచ్చాడు. ఈసారి అతని చేతిలో ఫుట్‌బాల్ కాగితాలు లేవు. మా బృందంలోకి రావటం మానేసిన నలుగురి పేర్లు రాసుకొచ్చాడు. ఒక్కొక్క పేరు ఎదురుగా ఖాళీ గడి వుంది. "ఇవి నింపుదామా అన్నా?" అన్నాడు. మేము ఆ రోజు కథ చర్చించలేదు. వాళ్ల ఇళ్లకు వెళ్లాం.