అద్దె నవలలూ, మా సమీక్షల నోటుబుక్కూ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, 1988–93 మధ్య ఈ హాస్టల్లో ఉన్న మా బ్యాచ్ వాళ్లకి మొదట గుర్తొచ్చింది ట్రంకు పెట్టెల అడుగున దాచుకున్న డిటెక్టివ్ నవలలే. స్టడీ అవర్లో సోషల్ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివి దెబ్బలు తిన్నవాళ్లం మేము. ఆ నవలలు మా చేతికి ఎలా వచ్చేవో, వాటిని మేము ఎలా తూచేవాళ్లమో ఇక్కడ చెబుతాం.

బస్టాండు ఎదురు సందులో అద్దె పుస్తకాల షాపు ఉండేది. ముందు డిపాజిట్, ఆ పైన రోజుకింత అద్దె. సబ్బుకీ నూనెకీ ఇచ్చే కాస్మెటిక్ చార్జీల్లోంచి నలుగురం కలిసి డిపాజిట్ కట్టాం. ఒక్క రోజు అద్దెతో నలుగురూ చదవాలి. అప్పటికే దారం ఊడిన పుస్తకం ఫారాలుగా విడిపోయేది. ముందువాడు ఒక ఫారం పూర్తిచేసి పక్కవాడికి అందించేవాడు. నాలుగోవాడు హత్య దగ్గర ఉండగానే మొదటివాడికి హంతకుడెవరో తెలిసిపోయేది. వాడి నోరు మూయించడానికి మా రాత్రి గుడ్డు ఇచ్చిన సందర్భాలున్నాయి.

ఫారం అంటే తెలియని తమ్ముళ్లకు ఒక మాట. ప్రెస్సులో పెద్ద కాగితం రెండు వైపులా అచ్చువేసి మడిస్తే వచ్చే పేజీల కట్ట అది. మామూలుగా 16 పేజీలు. ప్రచురణకర్త కాగితం ఖర్చూ, ప్రింటింగ్ ఖర్చూ ఫారాల లెక్కనే వేస్తాడు. అమ్మకందారుల కమీషన్ ధరలో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి పోతుంది. కనుక చవక నవల ఇన్ని ఫారాలు దాటకూడదని ముందే అనుకుంటారు. కథ నూట యాభై పేజీలు నింపాదిగా నడిచి, చివరి నాలుగు పేజీల్లో డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి గబగబా గుట్టు విప్పేయడానికి రచయిత చేతకానితనం ఒక్కటే కారణం కాదని మా అభిప్రాయం. అలాగే వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలకు ప్రతి అధ్యాయం చివరా తలుపు చప్పుడో, కేకో తప్పదు. వచ్చే వారం పత్రిక కొనిపించేది ఆ కేకే మరి.

ఈ వరస మా కాలంలో పుట్టింది కాదు. వెయ్యిన్నొక్క నవలలు రాసిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారి పుస్తకాలు రైల్వే స్టేషన్లలో అమ్ముడుపోయేవి. ప్రయాణం ఎంతసేపో పుస్తకం అంత. తరువాత కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు వచ్చారు. మహాకవుల వరసలో చెప్పే ఆరుద్ర గారు కూడా ‘పలకల వెండి గ్లాసు’ అని అపరాధ పరిశోధన నవల రాశారు (ఈ సంగతి చెబితే మా తెలుగు మాస్టారు రెండు రోజులు మమ్మల్ని తిట్టలేదు). మా రోజుల్లో మధుబాబు గారి షాడోదే రాజ్యం.

చదివి ఊరుకోలేదు. పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో ఒక్కో నవలకు నాలుగు లైన్లు రాసేవాళ్లం. మొదట్లో అన్నిటికీ ఒకటే కొలత: కథ నమ్మేటట్టుందా? ఆ కొలతకు షాడో నిలవడు. పది మంది తుపాకులు పేల్చినా ఒక్క గుండూ తగలదు. కానీ షాడో నవల పట్టుకున్నవాడు నమ్మకం కోసం పట్టుకోడు, వేగం కోసం పట్టుకుంటాడు. యుగంధర్ నవలకు అడగాల్సిన ప్రశ్న వేరు: హంతకుణ్ణి పట్టిచ్చే ఆధారం మనకు ముందే చూపించారా, లేక చివర్లో జేబులోంచి తీశారా? మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి ‘చంటబ్బాయ్’లో డిటెక్టివ్‌కి తెలివి తక్కువైనా ఫర్వాలేదు, నవ్వు వస్తే చాలు. 1986లో జంధ్యాల గారు సినిమాగా తీసింది ఈ నవలనే. ఏ నవల మనకు ఏమిస్తానని మాట ఇచ్చిందో చూసి, ఆ మాట నిలబెట్టుకుందా అని అడగడం మేము అలా నేర్చుకున్నాం.

ఆ కొలత కూడా చాలని రోజొకటి వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి ఊపేసిన నవల. చేతబడి, కాష్మోరా, చిన్నపాప. మేమంతా పదికి పది మార్కులు వేశాం. మాలో ఒకడు సగంలో ఆపేసి పుస్తకం పక్కన పెట్టాడు. భయపడ్డావురా అని ఏడిపించాం. వాడు నోటుబుక్కులో ఒకే లైను రాశాడు: “మా ఊళ్లో మా పెద్దమ్మని ఇదే మాట అని చెట్టుకు కట్టేశారు.”

ఆ రాత్రి ఎవరం మాట్లాడలేదు. ఆ తరువాత పాత పుస్తకాలు తిరగేసి చూస్తే, చాలా క్షుద్ర నవలల్లో మాంత్రికుడి గుడిసె ఊరి చివరనే ఉంది. ఊరి చివర ఎవరుంటారో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘తులసిదళం’లో డాక్టర్ల ప్రయత్నమూ, మంత్రగాళ్ల ప్రయత్నమూ పక్కపక్కనే నడుస్తాయి, అది రచయిత నేర్పు. ఆ నేర్పును మెచ్చుకుంటూనే, వాడి లైనును కూడా సమీక్షలో కలిపి రాశాం. మార్కులు మాత్రం కొట్టేశాం. ఎన్ని వేయాలో తేలలేదు.

టీవీ ఇంటింటికీ వచ్చాక అద్దె షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. అచ్చయిన నవలల్లో పెద్ద భాగం కొనేది ఆ షాపులే కాబట్టి, అవి పోయాక చవక నవల కూడా తగ్గిపోయింది. పాత పేర్లు మళ్లీ అచ్చవుతున్నాయి గానీ ఆ పుస్తకాలు బస్టాండులో దొరకవు. విజయవాడలో 1989లో మొదలై ప్రతి కొత్త సంవత్సరానికీ జరిగే పుస్తక మహోత్సవంలోనో, హైదరాబాదు పుస్తక ప్రదర్శనలోనో పది శాతం తగ్గింపుతో కొనుక్కోవాలి. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆపేసింది. చవకగా పుస్తకాలు పంపుకునే చిన్న ప్రచురణకర్తలకు అది దెబ్బ. 2025 మే నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ అని వేరే సేవ పెట్టారు. హాస్టల్ లైబ్రరీకి పుస్తకాలు తెప్పించే తమ్ముళ్లు పోస్టాఫీసులో దాని గురించి అడగండి.

చివరగా ఒక అప్పు తీర్చాలి. అప్పట్లో మాకు దొరికిన ఒక యుగంధర్ నవలకు ఆఖరి ఫారం లేదు. ముగ్గురం ముగ్గురు హంతకుల పేర్లు నోటుబుక్కులో రాసి సంతకాలు పెట్టాం. చాలా ఏళ్ల తరువాత, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో అదే నవల పూర్తి ప్రతి దొరికింది. ముగ్గురమూ తప్పే. ఆ ప్రతినీ, నోటుబుక్కునూ హాస్టల్ బీరువాలో పెట్టించాం. ఆఖరి ఫారానికి క్లిప్పు పెట్టాం. మీ పేరూ, మీరు అనుకున్న హంతకుడి పేరూ నోటుబుక్కులో రాశాకనే క్లిప్పు తీయండి.