గడప దాటే బిడ్డకు చెప్పవలసిన మాట

ఈ సంవత్సరం మా అమ్మాయికి 18 ఏళ్ళు నిండాయి. ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తి చేసి, నాలుగు సంవత్సరాల బీఎస్సీ నర్సింగ్ చదువు కొరకు మరో పట్టణానికి బయలుదేరబోతోంది. పెట్టెలో బట్టలు సర్దడం సులభమే. ఆ బట్టలతోపాటు ఏ మాట సర్ది పంపాలన్న ఆలోచనే తల్లిదండ్రులమైన మాకు కొన్ని రాత్రులు నిద్ర లేకుండా చేసింది. దానికి కారణం ఉంది. ఆరేళ్ళ క్రితం మా పెద్దబ్బాయి ఇదే గడప దాటినప్పుడు మేము చాలా మాటలే చెప్పాము. వాటిలో ఒక్కటీ అతనికి అక్కరకు రాలేదు. పైగా ఒక మాట అతనికి ఉరిత్రాడులా బిగుసుకుంది.

మనలాంటి ఎన్నో కుటుంబాలలో ఇటువంటి అనుభవం ఉండవచ్చు. అందుకే మా పొరపాటును దాచుకోకుండా పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మేము చెప్పి పంపిన మాట

మా అబ్బాయికి చిన్ననాటి నుంచి చేతిపని మీద మక్కువ. ఇంట్లో ఫ్యాను ఆగినా, మిక్సీ కాలినా విప్పి చూసేవాడు. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో చేరతానన్నాడు. మూడేళ్ళ డిప్లొమా తరువాత ఈసెట్ వ్రాసి, నేరుగా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చునని కూడా తానే విచారించి వచ్చి చెప్పాడు. మేము వినలేదు. బంధువుల పిల్లలందరూ ఎంపీసీ చదువుతుంటే మన బిడ్డ పానా పట్టుకోవాలా అన్నదే మా బాధ. ఇంటర్, ఆ తరువాత కంప్యూటర్ ఇంజినీరింగ్ అని మేమే నిర్ణయించాము. హాస్టలుకు బయలుదేరే రోజున, "మన ఇంటి పరువు నీ చేతుల్లో ఉంది బేటా. ఒక్క సబ్జెక్టు కూడా తప్పడానికి వీల్లేదు" అని చెప్పి పంపాము.

ప్రతి శుక్రవారం జుమా నమాజు తరువాత ఫోను చేసేవాడు. "బాగున్నాను అబ్బా, బాగా చదువుతున్నాను అమ్మీ" అనేవాడు. మూడో సంవత్సరంలో ఒకనాడు కళాశాల నుంచి ఫోను వచ్చింది. తప్పిన సబ్జెక్టులు పేరుకుపోయి, పై తరగతికి వెళ్ళే అర్హతే లేకుండా పోయిందన్నారు. రెండేళ్ళుగా మా బిడ్డ ఆ భారాన్ని ఒంటరిగా మోస్తున్నాడు. మేము కోపంతో వెళ్ళాము. "ఎందుకు చెప్పలేదు?" అని అడిగాము. అతను తల ఎత్తకుండానే ఇలా అన్నాడు: "చెప్పడానికి చోటెక్కడ ఉంది అబ్బా? తప్పడానికి వీల్లేదనే కదా మీరు పంపారు!"

అబద్ధం ఆడింది అతనే. కాని నిజానికి తలుపు మూసింది మేము. ఆ రోజు నుంచి మమ్మల్ని వేధించిన ప్రశ్న ఒక్కటే: యవ్వనంలో అడుగుపెడుతున్న బిడ్డకు తల్లిదండ్రులు ఎలా చెప్పాలి? ఏమి చెప్పాలి?

లుఖ్మాన్ ఎలా మొదలుపెట్టారు?

దివ్యఖుర్ఆన్‌లో ఒక తండ్రి ఉపదేశం పేరు మీదనే ఒక సూరా ఉంది. అది 31వ సూరా లుఖ్మాన్. వివేకవంతుడైన ఆ తండ్రి తన కుమారునికి చెప్పిన మాటలను అల్లాహ్ ప్రళయం వరకు మానవాళికి పాఠంగా నిలిపాడు. ఆ మాటలలో ముమ్మారు వినిపించే పిలుపు 'బునయ్య'. అరబ్బీలో అది కుమారుణ్ణి ముద్దుగా, చిన్నవాణ్ణి చేసి పిలిచే పిలుపు. మన ఇళ్ళలో 'బేటా', 'చిట్టి తండ్రీ' అన్నట్లు. విషయం ఎంత గంభీరమైనదైనా, ఆయన మొదట ప్రేమను వినిపించి తరువాతే ఉపదేశం వినిపించారు.

ఆయన చెప్పిన విషయాలు గమనించండి. అల్లాహ్‌కు ఎవరినీ సాటి కల్పించకపోవడం, ఆవగింజంత పని అయినా అల్లాహ్ దృష్టి నుంచి దాగదన్న ఎరుక, నమాజు, మంచిని పెంచి చెడును వారించడం, కష్టంలో సహనం, మనుషుల పట్ల అహంకారం లేకపోవడం, నడకలో మితం, గొంతులో మృదుత్వం. ఇందులో ఏ వృత్తి పేరూ లేదు, ఏ పదవి పేరూ లేదు. కుమారుడు ఏమి కావాలన్నది కాదు, ఎలాంటి మనిషి కావాలన్నదే ఆ తండ్రి చింత.

మరొక సంగతి మా మనసును కదిలించింది. ఆ ఉపదేశంలో లుఖ్మాన్ తన హక్కు గురించి ఒక్క మాట అడగలేదు. తల్లి మోసిన భారాన్నీ, తల్లిదండ్రుల పట్ల చూపవలసిన కృతజ్ఞతనూ మధ్యలో అల్లాహ్‌యే స్వయంగా ఆదేశించాడు. మేమేమో మా పరువుతోనే మొదలుపెట్టాము!

అభిప్రాయం అడిగిన తండ్రి

'బునయ్య' అన్న అదే పిలుపు ఖుర్ఆన్‌లో హజ్రత్ ఇబ్రాహీం (అ) నోట కూడా వినిపిస్తుంది. కుమారుణ్ణి జిబహ్ చేస్తున్నట్లు కల వచ్చింది. ప్రవక్తల కల దైవాజ్ఞతో సమానం. అయినా ఆయన ఆ కలను కుమారుని ముందు ఉంచి, నీ అభిప్రాయం ఏమిటో చూసి చెప్పమని అడిగారు (37వ సూరా). అంతటి ఆజ్ఞ విషయంలోనే కుమారుణ్ణి అడిగినప్పుడు, ఏ కోర్సు చదవాలి, ఏ పని నేర్వాలి అన్న విషయంలో బిడ్డ అభిప్రాయం అడగడానికి మనకు ఏమి అడ్డు?

అదే పిలుపుతో హజ్రత్ నూహ్ (అ) తుఫాను అలల నడుమ తన కుమారుణ్ణి ఓడలోకి రమ్మన్నారు. ఆ కుమారుడు వినలేదు. పిలుపులో లోపం లేదు, తండ్రిలో లోపం లేదు. చెప్పడమే మన బాధ్యత, హృదయాలను త్రిప్పేవాడు అల్లాహ్. ఈ సత్యం అర్థమైతే బిడ్డ ప్రతి ఓటమినీ మన అవమానంగా లెక్కించే అలవాటు తగ్గుతుంది.

బలం, విశ్వసనీయత

ఇక ఉపాధి విషయం. హజ్రత్ మూసా (అ) ఇల్లు వదిలి మద్‌యన్ చేరినప్పుడు ఆయన చేతిలో ఏమీ లేదు. బావి వద్ద ఇద్దరు స్త్రీల మందకు నీరు పెట్టి సాయపడ్డారు. వారిలో ఒకరు ఆయనను పనిలో పెట్టుకోమని తమ తండ్రికి సలహా ఇస్తూ రెండు గుణాలు పేర్కొన్నారు: బలం, విశ్వసనీయత (28వ సూరా). ఒప్పందం ఎనిమిది సంవత్సరాలకు. ఇష్టమైతే పది. కాబోయే ప్రవక్త అలా కొన్నేళ్ళు ఒకరి వద్ద పని చేశారు. హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యత కోరినప్పుడు కూడా రెండు గుణాలే చెప్పారు: తాను కాపాడగలవాడు, తెలిసినవాడు.

నేటి మాటలలో చెప్పాలంటే బలం అంటే పనిలో నైపుణ్యం, విశ్వసనీయత అంటే అమానతు. ఒకటి ఉండి మరొకటి లేకపోతే ఉపాధి నిలువదు. ఈ రెండూ ఉన్న పని ఏదైనా గౌరవమైనదే. హజ్రత్ దావూద్ (అ) కవచాలు తయారు చేశారు. హజ్రత్ జకరియ్యా (అ) వడ్రంగి. దైవప్రవక్త (స) మక్కావాసుల గొర్రెలు మేపారు. పానా పట్టడాన్ని చిన్నతనంగా భావించిన మేము ఏ ప్రమాణంతో కొలిచామో తలచుకుంటే సిగ్గు కలుగుతుంది.

మా అబ్బాయి తిరిగి వచ్చి ఐటీఐలో రెండేళ్ళ ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ కోర్సు చేశాడు. ఈనాడు విజయవాడలో పని చేస్తున్నాడు. చెడిపోని భాగం మార్చి బిల్లు వేయనందుకు పిలిచినవారే మళ్ళీ పిలుస్తున్నారు. చెల్లెలి చదువుకు వడ్డీ అప్పు జోలికి పోవలసిన అవసరం రాలేదంటే, తల్లి గాజులతోపాటు ఆ అన్న సంపాదన కూడా కారణం.

మా అమ్మాయితో చెప్పిన మాటలు

ఈసారి ముందు అడిగాము. నర్సింగ్ అనగానే రాత్రి డ్యూటీలు, దూర ప్రయాణం మాకు భయం కలిగించాయి. ఆ భయాన్ని ఆజ్ఞగా కాక భయంగానే ఆమె ముందు ఉంచాము. ఆమె ఓపికగా విని, "మన దాదీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒళ్ళు తుడవడానికి ఒక ఆడమనిషి దొరకక ఎంత ఇబ్బంది పడ్డామో గుర్తు లేదా అబ్బా?" అన్నది. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి)కు రుఫైదా (రజి) అనే మహిళ సేవ చేశారని మాకూ తెలుసు. మాకు తెలిసినదే మా బిడ్డ గుర్తు చేసింది. హాస్టలు, భద్రత, రాకపోకల సంగతులు ముగ్గురం కలిసి విచారించి ఒప్పుకున్నాము.

తరువాత కొద్ది మాటలే చెప్పాము.

నమాజును విడువకు. అలసిన రోజున అదే నీకు విశ్రాంతి.

పని బాగా నేర్చుకో. తెలియనిది తెలియదని చెప్పు. రోగి విషయంలో ఊహతో చేసిన పని ప్రాణం మీదికి తెస్తుంది.

18 నిండాయి కనుక నీ సంతకానికి ఇప్పుడు చట్టం ముందు విలువ ఉంది. చదవకుండా సంతకం చేయకు. నీ బ్యాంకు ఖాతాను, సిమ్ కార్డును ఎవరి వాడకానికీ ఇవ్వకు. అసలు సర్టిఫికెట్లు ఎక్కడైనా ఇవ్వవలసి వస్తే రసీదు తీసుకో. అప్పు ఇచ్చినా, పుచ్చుకున్నా వ్రాసుకో. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ అప్పును వ్రాసుకోమన్న విషయం గురించే.

రేపు నీవు సంపాదించేది నీది. స్త్రీలు సంపాదించిన దానిలో వారి భాగం వారిదేనని అల్లాహ్ నిర్ణయించాడు (4వ సూరా). ఇంటికి ఇస్తే అది నీ దాతృత్వం. మేము దానిని లెక్క అడగము.

చివరిగా, ఆరేళ్ళ క్రితం చెప్పిన మాటను తిప్పి చెప్పాము: "తప్పవచ్చు బేటీ. పరీక్ష తప్పవచ్చు, మనసు మారవచ్చు, ఎవరైనా నిన్ను బాధించవచ్చు. ఆ రోజు మాకు చివరిగా కాదు, మొదట చెప్పు. ఈ ఇంట్లో నిజం చెప్పినందుకు ఎవరూ నిన్ను కోప్పడరు."

ఆ మాట అంటున్నప్పుడు మా అబ్బాయి గుమ్మం వద్ద నిలబడి ఉన్నాడు. చెల్లెలి పెట్టె చేతిలోకి తీసుకుంటూ మెల్లగా, "నాకూ వర్తిస్తుందా అమ్మీ?" అన్నాడు. అందరమూ నవ్వాము. కన్నీళ్ళు కూడా వచ్చాయి. అతనికి క్షమాపణ చెప్పవలసింది మేమేనని ఆ క్షణాన గ్రహించి, చెప్పాము.

సోదర సోదరీమణులారా! ఈ సంవత్సరం మీ ఇంటి నుంచి కూడా ఒక బిడ్డ కళాశాలకో, పనికో, పరాయి దేశానికో బయలుదేరుతూ ఉండవచ్చు. ఉపదేశం తప్పక చేయండి, అది వారి హక్కు. అయితే ముందుగా ఆ బిడ్డ మీతో ఏ నిజమైనా చెప్పగలడా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. బిడ్డ మాట మన చెవికి చేరే దారి ఉన్నప్పుడే మన మాట బిడ్డ హృదయానికి చేరుతుంది.

అల్లాహ్ మన సంతానాన్ని మన కళ్ళకు చలువగా చేయుగాక. వారికి హలాల్ ఉపాధిని, మనకు వారి మాట వినే ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.