ఎండదెబ్బ తిన్న నిమ్మ: తోలు చూసి ధర కట్టాలి

గరివిడి: నిమ్మకాయకు గిరాకీ పెరిగే రోజులూ, ఎండలో అతినీలలోహిత కిరణాల జోరు హెచ్చే రోజులూ ఒకటే. అందువల్ల వేసవి సరుకులో కొన్ని కాయలు ఒక పక్క ఎండదెబ్బ తిని వస్తాయి. ఆ పక్క పసుపు తిరగడం చూసి పండిన కాయ అనుకుని మేలు రకం ధర కట్టిన వర్తకుడు రసం దగ్గర నష్టపోతాడు.

గరివిడి, చీపురుపల్లి ప్రాంతంలో సూర్యుడు ఏటా రెండుసార్లు, మే రెండో వారంలోనూ జూలై ఆఖరులోనూ నడినెత్తికి వస్తాడు. రెండోసారికి వానమబ్బులు అడ్డం ఉంటాయి. మొదటిసారికి ఆ రక్షణ తక్కువ. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కిరణాలు ఓజోన్ పొరలో ప్రయాణించే దూరం తగ్గి, అతినీలలోహిత కాంతి ఎక్కువ పాలు నేలకు చేరుతుంది. నిమ్మకు పేరుపడ్డ గూడూరు, పొదలకూరు, తెనాలి, ఏలూరు ప్రాంతాలు దక్షిణాన ఉన్నందున అక్కడ ఈ ఘట్టం ముందే, ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారాల్లో వస్తుంది.

చెట్టు చేసుకునే కాపుదల

నిమ్మ, బత్తాయి జాతుల పుట్టిల్లు ఈశాన్య భారతం, దాని చుట్టుపట్ల హిమాలయ పాదసీమ. నడిపగటి ఎండలో సుమారు మూడో వంతుతోనే వీటి ఆకు ఆహార తయారీ నిండుకు చేరుతుంది. మిగిలిన కాంతిని తట్టుకోవడం చెట్టుకు భారం.

అతినీలలోహిత కాంతిని పసిగట్టే గ్రాహక ప్రోటీన్ మొక్కల్లో ఉందని 2011లో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. దాని పేరు యూవీఆర్8. కిరణం సోకగానే జంటగా ఉన్న ఈ ప్రోటీన్ విడిపోయి కణానికి హెచ్చరిక అందిస్తుంది. అప్పుడు ఆకు పైపొరలో ఫ్లేవనాయిడ్లు పేరుకుని హానికర కిరణాలను లోపలికి పోకుండా పీల్చుకుంటాయి. ఆకుపై మైనపు పూత కొంత కాంతిని తిప్పికొడుతుంది. లోపల జరిగే నష్టాన్ని సి విటమిన్, కెరోటినాయిడ్లు అదుపు చేస్తాయి.

మాంగనీసు గనుల పరిసరాల్లోని ఈ ఊరి వర్తకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఆకులో నీటి అణువును విడదీసే చోట నాలుగు మాంగనీసు పరమాణువులు ఉంటాయి. అతినీలలోహిత కాంతి మొదట దెబ్బతీసే చోట్లలో అది ఒకటి.

రసం ఎందుకు తగ్గుతుంది?

కాయ తోలులోనూ ఫ్లేవనాయిడ్లు, నూనె తిత్తులు ఉంటాయి. అయితే ఎండ పూర్తిగా శత్రువు కాదు. కొమ్మల చాటున కాసిన బత్తాయి కంటే బయటి వైపు కాసినదానికే సాధారణంగా తీపి ఎక్కువ. హద్దు మీరినప్పుడే చిక్కు. తీవ్రమైన కాంతికి వేడి తోడై, కాయ తోలు చుట్టూ ఉన్న గాలికంటే పది డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. అప్పుడు ఆ పక్క పసుపై, తరువాత గోధుమరంగుకు తిరిగి, తోలు గట్టిపడుతుంది. దాని కిందనున్న తొనల్లో రసం ఎండిపోతుంది.

ఈ మచ్చను గజ్జి తెగులుగా పొరపడరాదు. గజ్జి మచ్చలు గరుకుగా, బెరడులా ఉబ్బి, కాయపై అక్కడక్కడా ఉంటాయి. ఆకులపైనా పసుపు వలయంతో కనిపిస్తాయి. ఎండమచ్చ ఎండ తగిలిన ఒక్క పక్కనే పరచుకుంటుంది, ఉబ్బదు. గజ్జి తోటలో వ్యాపిస్తుంది, ఎండమచ్చ అంటుకోదు. కాపు గుత్తకు మాట్లాడుకునేవారికి ఈ తేడా ముఖ్యం.

కొనేముందు

తోట చూసేవారు చెట్టుకు పడమర, నైరుతి వైపులు తప్పక చూడాలి. మధ్యాహ్నపు ఎండ దెబ్బ అక్కడే ఎక్కువ. అంగట్లోనైతే బస్తా పైవరుసతో తృప్తిపడక, అడుగునుంచి నాలుగు కాయలు తీసి అడ్డంగా కోసి చూడాలి. చేతిలో తేలికగా తోచే కాయను అనుమానించాలి.

కొందరు రైతులు కాయలపై మూడు నుంచి అయిదు శాతం కయోలిన్ మట్టి ద్రావణం చల్లుతారు. ఈ తెల్లని పూత కాంతిని తిప్పికొట్టి తోలు వేడిని తగ్గిస్తుంది. కాయపై తెల్లని పొడి కనిపించినంత మాత్రాన కల్తీగా తలచి ధర తగ్గించడం సబబు కాదు, కడిగితే పోతుంది. లేత చెట్ల మొదళ్ళకు సున్నం పూయడమూ ఇందుకే. నీడలో పెంచిన నారును ఒక్కసారిగా ఎండలో నాటక, క్రమంగా అలవాటు చేయడం మేలు.

సరుకు దించే కళాసీలకూ ఒక జాగ్రత్త అవసరం. నిమ్మతోలు నూనెలో, రసంలో ఉండే కొన్ని పదార్థాలు చర్మంపై పడి ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కుని ఎండలోకి వెళ్ళాలి.

ఎండమచ్చ కాయను మేలు సరుకులో కలిపితే మొత్తం బస్తా ధర దిగుతుంది. వేరుచేసి, మచ్చ స్వల్పమైన వాటిని వెంటనే పచ్చడికో, స్థానిక వాడకానికో పంపితే మిగిలిన సరుకు తన ధర తాను నిలుపుకుంటుంది.