సుర్ట్సే - పుట్టినతేదీ తెలిసిన నేల

మన పొలాలకు సర్వే నంబర్లుంటాయి, పట్టాదారు పుస్తకాలుంటాయి. పుట్టినతేదీ మాత్రం ఏ నేలకూ ఉండదు. భూమి వయస్సు సుమారు 450 కోట్ల సంవత్సరాలని జియాలజీ వారు చెబుతారు. అంత పెద్ద లెక్క వింటే మనబోటి వాళ్ళం తల ఊపి ఊరుకోవడం తప్ప చేసేదేమీ లేదు. అయితే పుట్టిన తేదీ, నెల, సంవత్సరంతో సహా చెప్పగలిగిన నేల ఒకటి ఈ భూగోళం మీద ఉంది. అది 1963 నవంబరులో పుట్టింది. అంటే ఈ సంచిక చదివే మన పూర్వ విద్యార్థులలో కొందరికంటే వయస్సులో చిన్నదన్నమాట!

దాని పేరు సుర్ట్సే. ఐస్‌లాండ్ దేశానికి దక్షిణాన, తీరానికి సుమారు 32 కిలోమీటర్ల దూరంలో, వెస్ట్‌మన్ దీవులనే గుంపులో చిట్టచివర ఉన్న చిన్న దీవి. ఊరు లేదు, ఇల్లు లేదు, పన్ను కట్టేవాడు లేడు. పరిశోధకులు తలదాచుకునే ఒక చిన్న గుడిసె ఉందంతే. ఇంతమాత్రం దానికి ఒక వ్యాసం ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఒట్టి రాయి పొలంగా ఎలా మారుతుందన్నది మనం పుస్తకాలలో చదువుకుంటాం గాని చూడలేము. అది జరగడానికి పట్టే కాలం మన ఆయుష్షుకు అందదు. సుర్ట్సేలో అది మొదటి రోజు నుండి మనుషుల కళ్ళ ఎదుట జరిగింది. ఈనాటికీ జరుగుతోంది.

1963 నవంబరు 14 తెల్లవారుజామున ఆ ప్రాంతంలో ఒక చేపల పడవ ఉంది. దూరంగా సముద్రం మీద నల్లని పొగ లేవడం పడవలోని వంటవాడు చూశాడు. ఏదో పడవ తగలబడుతోందనుకుని సాయం చేయడానికి అటు వెళ్ళారు. తీరా చూస్తే పడవ లేదు, గిడవ లేదు. సముద్రమే మండుతోంది! అక్కడ నీటి లోతు 130 మీటర్లు. అడుగున అగ్నిపర్వతం బద్దలై, తానే పోసుకున్న బూడిద గుట్ట మీదుగా పైకి వచ్చి, మర్నాటికల్లా నీటిపైన తల ఎత్తింది. ఐస్‌లాండ్ వారి పురాణాలలో సుర్ట్ అని ఒక అగ్నిరాక్షసుడున్నాడు. ‘ఏ’ అంటే వారి భాషలో దీవి. ఆ రెండూ కలిపి సుర్ట్సే అన్నారు. ఇంకా బూడిద కురుస్తుండగానే, ఆ డిసెంబరులో ముగ్గురు ఫ్రెంచి విలేఖరులు దాని మీద దిగి, పావుగంట కూడా నిలవలేక పడవ ఎక్కేశారట. పత్రికలవాళ్ళు ఎక్కడైనా పత్రికలవాళ్ళే.

బాగా కాగిన నూనెలో నీటిచుక్క పడితే ఏమవుతుందో వంటింట్లో అందరం చూసిందే. సుర్ట్సేలో జరిగింది దానికి తిరగేసిన వ్యవహారం. చల్లని సముద్రంలోకి కరిగిన రాయి వచ్చి పడుతోంది. నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై పేలడం, ఆ పేలుడుకు రాయి పిండిపిండి కావడం. మొదటి నాలుగైదు నెలలూ ఇదే తంతు. కాబట్టి అప్పటి దీవి అంతా బూడిదా, ఇసుకా, రవ్వా తప్ప మరేమీ కాదు. అలల తాకిడికి అది ఎన్నాళ్ళో నిలిచేది కాదు. ఆ మాట ఊహించి చెబుతున్నది కూడా కాదు. దాని పక్కనే 1965లో సిర్ట్‌లింగూర్ అని ఒకటి, ఆ ఏడాది చివర యోల్నిర్ అని ఇంకొకటి ఇలాగే పుట్టాయి. లావా పొంగేదాకా వెళ్ళకుండానే చల్లారిపోయాయి. 1966 ముగిసేలోపల రెండింటినీ సముద్రం ఊడ్చేసింది. మన బంగాళాఖాతంలో 1970 తుఫాను తరువాత బయటపడిన న్యూ మూర్ దీవి సంగతీ అంతే. అది అగ్నిపర్వతం కాదు, నది తెచ్చిన ఒండ్రుమట్టి. దాని కోసం ఇండియా, బంగ్లాదేశ్ ఏళ్ళ తరబడి వాదులాడుకున్నాయి. 2010లో చూస్తే వాదులాడుకోవడానికి దీవే లేదు, నీట మునిగిపోయింది.

సుర్ట్సే ఎలా బతికిందంటే, 1964 ఏప్రిల్ నాటికి బూడిద గోడ బాగా పెరిగి సముద్రపు నీరు అగ్నిబిలంలోకి పోకుండా అడ్డుపడింది. నీళ్ళు లేకపోతే పేలుడు లేదు. ఇక లావా నెమ్మదిగా పొంగి, పారి, బూడిద మీద రాతి దుప్పటిలా కప్పుకుంది. లోపల మిగిలిపోయిన వేడికీ, ఆవిరికీ ఆ బూడిద కూడా కొన్ని ఏళ్ళలోనే గట్టిపడి రాయి అయింది. ఇలా రాయి కావడానికి చాలా కాలం పడుతుందని అంతకుముందు అనుకునేవారు. 1979లో అక్కడ 181 మీటర్ల లోతు బోరు వేసి మరీ ఈ సంగతి పరీక్షించారు.

మూడున్నరేళ్ళ తరువాత, 1967 జూన్ 5న, అగ్నిపర్వతం చల్లారింది. అప్పటికి దీవి వైశాల్యం 2.7 చదరపు కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 665 ఎకరాలు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్నతో ఈ విషయమంతా చెబితే ఆయన వేసిన మొదటి ప్రశ్న, “ఎవరి పేరున ఉందిరా?” అని. ఎవరి పేరునా లేదు, ఎవర్నీ అడుగు పెట్టనివ్వరు అన్నాను. “అన్ని వందల ఎకరాలు ఊరికే వదిలేసి కూచున్నారా!” అన్నాడు. సెంటు భూమి కోసం గట్లు తెగగొట్టుకునే చోట పుట్టినవాళ్ళకు ఇది మింగుడుపడే మాట కాదు. నాకు కూడా అంత సులువుగా పడలేదు. కాని అగ్నిపర్వతం ఇంకా మండుతుండగానే, 1965లోనే, ఐస్‌లాండ్ ప్రభుత్వం ఆ దీవిని చట్టం చేసి కాపాడింది. అనుమతి ఉన్న కొద్దిమంది శాస్త్రజ్ఞులు తప్ప ఎవరూ దిగరాదు. అలా దిగేవారు కూడా బట్టల మడతలలో, బూట్లలో, సంచులలో ఒక్క విత్తనమైనా లేకుండా దులుపుకుని రావాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బోటనీలో ప్రైమరీ సక్సెషన్ అనే పాఠం మనవాళ్ళంతా పరీక్షలకు బట్టీ పట్టినదే. మొదట రాతిమీద లైకెన్లు వస్తాయి, అవి రాతిని తిని కాస్త మట్టి చేస్తాయి, తరువాత నాచుమొక్కలు, తరువాత గడ్డి, తరువాత పొదలు. పదిమార్కుల ప్రశ్న. సుర్ట్సేకి మాత్రం ఈ సిలబస్ ఎవరూ పంపినట్టు లేదు. అక్కడ 1965లో, అగ్నిపర్వతం ఇంకా చల్లారకముందే, ఒడ్డున ఇసుకలో మొలిచింది సీ రాకెట్ అనే పూలమొక్క. మన ఆవాల కుటుంబానికి చెందినదే. దాని విత్తనాలు ఉప్పునీటిలో తేలుతూ వచ్చాయి. నాచుమొక్కలు కనబడింది 1967లో, లైకెన్లు 1970లో. అంటే పాఠంలో చివర రావలసినవాడు ముందు వచ్చి కూచున్నాడు. సీ రాకెట్ ఎక్కువ కాలం నిలవలేదు. 1967లో వచ్చిన సీ శాండ్‌వర్ట్ అనే మరో మొక్క మాత్రం ఇసుకలో వేరు దన్నుకుని నిలబడింది, ఈనాటికీ ఆ దీవి ఇసుకనేలల్లో అదే ఎక్కువ.

అయితే ఆ తరువాత కథ నడవలేదు. మొదటి 20 ఏళ్ళలో సుమారు 20 రకాల మొక్కలు కనబడ్డాయి గాని, వాటిలో సగం మాత్రమే నిలదొక్కుకున్నాయి. విత్తనాలకు కొరత లేదు, వానలకు అంతకంటే లేదు. అక్కడ ఏడాది పొడుగునా జల్లులే. మరి లోపం ఎక్కడ? ఇది జవాబు చెప్పడానికి బి.యస్సీ. అక్కర్లేని ప్రశ్న. లావా రాతిలో సున్నం, ఇనుము, భాస్వరం వంటివి ఉంటాయి. మన నల్లరేగడి కూడా దక్కను పీఠభూమి మీద కోట్ల ఏళ్ళనాడు పొంగిన అలాంటి లావా రాయి అరిగి అయినదే. కాని లావాలో లేనిది నత్రజని. ఎరువు లేని చోట ఎంత మంచి విత్తనం చల్లినా ఏం లాభం? పైగా వాన నీరు రవ్వలోంచి జల్లెడలోంచి పోయినట్టు దిగిపోతుంది, పట్టి ఉంచే జీవపదార్థం ఏదీ లేదు.

ఎరువు 1986 ప్రాంతంలో వచ్చింది, రెక్కలు కట్టుకుని. అంతకుముందే, 1970లో ఫుల్మార్, గిల్లెమాట్ అనే సముద్రపక్షులు అక్కడ గూళ్ళు పెట్టాయి. కాని అవి సముద్రం వైపు కొండచరియలను పట్టుకుని ఉండే జాతులు. లోపలి నేలకు వాటివల్ల ఒరిగింది తక్కువే. ఆ తరువాత గల్ పక్షులు గుంపుగా వచ్చి దక్షిణ భాగంలో చదునైన లావా మీద కాపురం పెట్టాయి. సముద్రంలో చేపలు తినడం, దీవి మీద రెట్ట వేయడం. ఎండకాలంలో గొర్రెలవాళ్ళకు ఇంత అని ముట్టజెప్పి, రాత్రిళ్ళు పొలంలో మంద పెట్టించుకోవడం మన పల్లెల్లో అందరికీ తెలుసు. ఇది అచ్చం అదే పని, గొర్రెల బదులు పక్షులు. శాస్త్రజ్ఞులు లెక్క కట్టగా, పక్షులున్న చోట హెక్టారుకు సంవత్సరానికి సుమారు 47 కిలోల నత్రజని నేలలో చేరుతోందని తేలింది. యూరియాలో నత్రజని 46 శాతం కదా, ఆ లెక్కన ఎకరానికి దాదాపు ఒక బస్తా యూరియా చల్లినట్టు! ప్రతి ఏటా, పైసా ఖర్చు లేకుండా, క్యూలో నిలబడే పని లేకుండా.

ఇక చూడండి. ఆ పక్షుల కాలనీ చుట్టూ కొద్ది ఏళ్ళలోనే పచ్చగడ్డి పరుచుకుంది. దాటి నాలుగడుగులు వేస్తే మళ్ళీ బోడి రాయే. పచ్చదనానికీ బోడితనానికీ మధ్య గట్టు వేసినట్టు విమానం నుండి కనబడుతుంది. గడ్డి వేళ్ళు చచ్చి మట్టి అయింది, మట్టిలో పురుగులు చేరాయి, పురుగుల కోసం మరికొన్ని పక్షులు వచ్చాయి. 1993లో ఆ మట్టిలో ఒక వానపాము దొరికింది. ఏ పక్షో పక్క దీవి నుండి తెచ్చి ఉంటుందని అనుకుంటారు. వానపాము దొరికిందంటే రైతు దృష్టిలో అది నేల అయిందని అర్థం. 1998లో విల్లో జాతికి చెందిన మొదటి పొద, 2004లో పఫిన్ పక్షుల గూళ్ళు. 2008 నాటికి 69 రకాల మొక్కలు నమోదయ్యాయి, అందులో సుమారు 30 స్థిరపడ్డాయి. విత్తనాలలో నాలుగింట మూడు వంతులు పక్షులే మోసుకొచ్చాయట. మిగిలినవి గాలికీ, నీటికీ వచ్చినవి. విత్తేవాడూ అదే, ఎరువు వేసేవాడూ అదే. వలస వచ్చే స్నో బంటింగ్ పిట్టల కడుపులో దొరికిన గింజలను నాటి చూస్తే కొన్ని మొలిచాయి కూడా.

మనిషిని రానిస్తే ఏమవుతుందో తెలియడానికి ఒక చిన్న ఉదంతం ఉంది. చెప్పడానికి కొంచెం ఇబ్బందే అయినా చెబుతాను. ఒకసారి లావా మధ్య ఎవరూ ఎరగని మొక్క ఒకటి ఏపుగా పెరగడం శాస్త్రజ్ఞులు చూశారు. సముద్రం మీద వచ్చిందా, గాలికి వచ్చిందా అని తర్జనభర్జన. పరీక్షిస్తే అది టమాటా మొక్క! వచ్చినవారిలో ఎవరో ఆ చోట బహిర్భూమికి కూచున్నారు, ఆయనగారు తిన్న టమాటా గింజలు కడుపులో చావకుండా బయటపడి, సొంత ఎరువుతో సహా మొలిచాయి. మనకిది వింత కాదు, పల్లెల్లో చెరువుగట్ల వెంట టమాటా, మిరప ఎలా మొలుస్తాయో ఎరిగినవాళ్ళమే. అక్కడివారు మాత్రం దాన్ని వేరుతో సహా పీకేశారు. పీకేయకపోతే, తరువాత మొలిచే ప్రతి మొక్కనూ ఇది తనంత తాను వచ్చిందా, మనిషి తెచ్చిందా అని అనుమానించవలసి వచ్చేది. అప్పుడు ఇన్నేళ్ళ లెక్కలకు విలువేముంది? మా నాన్నకు ఇదే చెప్పాను. పంట తీయడానికి కాదు, పంట అనేది అసలు ఎలా మొదలవుతుందో చూడడానికి ఆ పొలం వదిలేశారని. “అయితే వదిలెయ్యాల్సిందే” అని ఆయన అనలేదు. కాసేపు ఆగి, గడ్డి పెరిగిన చోట మేకలు లేవు కదా అని మాత్రం అడిగాడు. లేవు. 2008లో యునెస్కో వారు దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు.

ఇంతలో సముద్రం తన పని తాను చేసుకుపోతోంది. 1967లో 2.7 చదరపు కిలోమీటర్లున్న దీవి 2012 నాటికి సుమారు 1.3కి వచ్చింది. 665 ఎకరాల్లో సగానికి పైగా కోత పడిందన్నమాట. దక్షిణం వైపు లావాను చలికాలపు అలలు కొరుకుతుంటే, ఆ గుండ్లూ ఇసుకా ఉత్తరానికి కొట్టుకుపోయి ఒక ఇసుక తిన్నెగా చేరుతున్నాయి. ఆ తిన్నె మీద 1983 నుండి సీల్ జంతువులు వచ్చి పిల్లలు పెడుతున్నాయి. మేటవేసిన లావా పలచగా ఉన్న చోట్ల కోత ఎక్కువ, గట్టిపడిన మధ్య కొండ దగ్గర తక్కువ. అందుచేత సిర్ట్‌లింగూర్, యోల్నిర్ పోయినట్టు ఇది పోదని, మధ్య భాగం చాలాకాలం నిలుస్తుందని అంచనా. పక్కనే ఉన్న మిగతా వెస్ట్‌మన్ దీవులు కూడా ఒకప్పుడు ఇలాగే నీళ్ళలోంచి పుట్టినవే. ఇప్పుడు వాటిలో చిన్నవి చుట్టూ నిటారు కొండచరియలు, నెత్తిన ఒత్తుగా గడ్డి, గడ్డిలో వేల పక్షిగూళ్ళతో ఉన్నాయి. చివరకు సుర్ట్సే కూడా ఆ అన్నదమ్ముల పోలికకే వస్తుందని అక్కడి జియాలజిస్టులు చెబుతున్నారు.