నాలుగు కుట్లే వేశారేమిటి?

డ్రెస్సింగుకు వచ్చినవారు ఈ మాట తరచుగా అడుగుతుంటారు. పైకి కనబడేవి నాలుగే అయినా, అసలు బలం లోపలి కుట్లది. గాయం లోతుగా ఉంటే డాక్టరుగారు ముందు చర్మం అడుగు పొరను కరిగిపోయే దారంతో దగ్గరకు లాగి ముడివేస్తారు. అప్పుడు పైకుట్లు అంచులను ఆనించి ఉంచితే చాలు. వాటిని బిగించి వేసినా, ఎక్కువ రోజులు ఉంచినా నిచ్చెన మెట్లలాంటి మచ్చ మిగులుతుంది. అందుకే ముఖం మీదివి సుమారు 5 రోజులకే తీసేస్తాం. మోకాలి మీదివి 10 నుండి 14 రోజులు ఉంచుతాం.

కొందరు ఇంట్లోనే బ్లేడుతో కోసుకుని వస్తారు, అదేం తొందరో! కుట్లు తీసిన మరునాడే నీళ్ల బిందె ఎత్తకండి. రెండు వారాలకు గాయానికి వచ్చేది మామూలు చర్మపు బలంలో పదోవంతుకు మించదు. మూడు నెలలకు సుమారు 80 శాతం. ఎర్రబడి చీము కనబడితే మాత్రం గడువు దాకా ఆగక వెంటనే రండి.